భూమిలో గొట్టం, ఫైల్లో కాగితం

గ్యాస్ పైప్‌లైన్ తనిఖీకి వచ్చిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కు అసలు గొట్టం దాదాపుగా కనపడదు. అది భూమిలో ఉంటుంది. ఎప్పుడు వేశారు, ఎంత ప్రెజర్ పెట్టి పరీక్షించారు, తుప్పు ఎంత తిన్నది అన్న ప్రశ్నలకు కంపెనీ ఇచ్చే రికార్డులే చాలావరకు జవాబు. అమెరికాలో ఈ తనిఖీ వ్యవస్థ కథంతా ఆ కాగితాల చుట్టూనే తిరిగింది.

1937లో టెక్సస్‌లోని న్యూ లండన్‌లో బడి కింద చేరిన గ్యాస్ పేలి 300 మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. సహజవాయువుకు వాసన ఉండదు కాబట్టి లీకైన సంగతి ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలపాలని టెక్సస్ చట్టం తెచ్చింది. కానీ రాష్ట్రాలు దాటి వెళ్లే పెద్ద లైన్ల భద్రతకు కేంద్ర చట్టం మరో మూడు దశాబ్దాలకు గానీ రాలేదు. 1965లో లూసియానాలోని నాకిటోష్ దగ్గర 24 అంగుళాల లైన్ పగిలి 17 మంది చనిపోయారు. 1968 ఆగస్టులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సహజవాయు పైప్‌లైన్ భద్రతా చట్టంపై సంతకం చేశారు. రూల్స్ కేంద్రం రాస్తుంది, రాష్ట్రం లోపలి లైన్ల తనిఖీ రాష్ట్రాలు చేయవచ్చు, ఖర్చులో సగం దాకా కేంద్రం ఇస్తుంది. ఇదీ అప్పటి ఏర్పాటు. ఈ ఇన్‌స్పెక్టర్లకు పాఠాలు చెప్పే శిక్షణ సంస్థ ఓక్లహోమా సిటీలో ఉంది.

1970లో వచ్చిన రూల్స్‌లో ఒక మినహాయింపు దూరింది. పాత లైన్లకు నీటితో ప్రెజర్ టెస్ట్ అక్కర్లేదు, అంతకుముందు 5 ఏళ్లలో నడిపిన గరిష్ఠ ప్రెజర్‌తోనే ఇకపైనా నడుపుకోవచ్చు. ఇన్నాళ్లూ పగల్లేదు కదా, ఇకముందూ పగలదులే అన్న లెక్క!

ఆ లెక్క 2010 సెప్టెంబర్ 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో తప్పింది. పీజీ అండ్ ఈ కంపెనీ 1956లో వేసిన 30 అంగుళాల గొట్టం ఇళ్ల మధ్యే పేలింది. 8 మంది చనిపోయారు, 38 ఇళ్లు బూడిదయ్యాయి. గ్యాస్ ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. అక్కడిది అతుకు లేని గొట్టమని కంపెనీ రికార్డు. తవ్వి చూస్తే అతుకు ఉంది, వెల్డింగ్ కూడా లోపలిదాకా పూర్తిగా పడలేదు. తప్పుడు కాగితాన్ని ఎన్నిసార్లు తనిఖీ చేసి ఏం లాభం? దర్యాప్తు నివేదిక కంపెనీతో పాటు రాష్ట్ర, కేంద్ర పర్యవేక్షణ సంస్థలనూ తప్పుపట్టింది.

శిక్షణ సంగతీ అంతే. లైన్ మీద పనిచేసేవాళ్లకు ఆ పని వచ్చని కంపెనీ నిరూపించాలన్న రూల్ 1999లో వచ్చింది. అయినా 2018లో మసాచుసెట్స్‌లోని మెరిమాక్ లోయలో ప్రమాదం తప్పలేదు. పాత లైన్ తీసేసే సిబ్బంది తమకిచ్చిన ప్లాన్ ప్రకారమే పనిచేశారు. కానీ ప్రెజర్‌ను కొలిచే సన్న గొట్టాలు ఇంకా ఆ పాత లైన్‌కే తగిలించి ఉన్నాయని ప్లాన్‌లో లేదు. ప్రెజర్ పడిపోయిందనుకుని, గ్యాస్‌ను అదుపుచేసే రెగ్యులేటర్లు పూర్తిగా తెరుచుకున్నాయి, ప్రెజర్ మితిమీరి ఇళ్లలో మంటలు లేచాయి. ఒకరు చనిపోయారు.

1970 నాటి మినహాయింపుతో జనావాసాల దగ్గర నడుస్తున్న లైన్లకు సురక్షిత ప్రెజర్ ఎంతో మళ్లీ నిర్ధారించాలని 2019లో కొత్త రూల్ వచ్చింది. సగం పని 2028 జూలైకి కావాలి, మిగతాదానికి 2035 దాకా గడువుంది.