మందుని కాపాడారు, కలిపేవాళ్లని మర్చిపోయారు

క్యాన్సర్‌కి ఇచ్చే కీమో మందు కలిపే నర్సు రెండేసి గ్లౌజులు, గౌను వేసుకుని కనిపిస్తే ఇన్ఫెక్షన్ భయం అనుకుంటాం. అసలు భయం ఆ మందంటేనే. ఈ సంగతి ఒప్పుకోడానికి వైద్యరంగానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది, అదే నాకు వింతగా ఉంటుంది, ఎందుకంటే ఈ మందుల వంశం చూస్తే మొదటిరోజే అనుమానం రావాలి.

1917లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు తగిలినవాళ్లలో తెల్ల రక్తకణాలు పడిపోవడం డాక్టర్లు చూశారు. దానికి దగ్గరి చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్‌ని 1942లో యేల్ యూనివర్సిటీలో గుడ్‌మన్, గిల్మన్ బృందం ఒక లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) రోగికి ఎక్కించింది. యుద్ధ రహస్యం కాబట్టి ఆ సంగతి 1946 దాకా అచ్చులోకి రాలేదు, 1949కల్లా అమెరికాలో మందుగా అనుమతి కూడా వచ్చేసింది. అంటే ఒంటికి తగిలితే చాలు ప్రమాదం అని పేరుపడ్డ సరుకుకి బంధువు వార్డులోకి వచ్చి, మామూలు ఇంజెక్షన్లలో కలిసిపోయింది.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. మందులో సూక్ష్మజీవులు పడకూడదని ఫార్మసీల్లో లామినార్ హుడ్‌లనే గాలి పెట్టెలు పెట్టారు. వెనకనుంచి ముందుకి శుభ్రమైన గాలి వీస్తుంది. మందు శుభ్రంగానే ఉంటుంది, కానీ ఆ గాలి నేరుగా ఎదురుగా కూర్చున్న మనిషి మొహం మీదికే వస్తుంది. సీసాలోకి సూది గుచ్చి గాలి ఎక్కించి మందు లాగేటప్పుడు లోపల ప్రెషర్ పెరిగితే, సూది బయటికి తీసే క్షణంలో సన్నటి తుంపర లేస్తుంది. కీమో మందుల్లో డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది కాబట్టి పడితే మరక కనిపిస్తుంది, సైక్లోఫాస్ఫమైడ్‌కి రంగే లేదు, పడిందని కూడా తెలీదు.

1979లో ఫిన్లండ్‌నుంచి మొదటి గట్టి దెబ్బ తగిలింది. కీమో మందులు ముట్టుకునే నర్సుల మూత్రాన్ని, జన్యువుల్ని మార్చే గుణం ఉందేమో చూసే ఏమ్స్ పరీక్షలో బాక్టీరియా మీద వేస్తే, ఆ మందుల జోలికి పోనివాళ్ల మూత్రంతో కంటే జన్యుమార్పులు ఎక్కువ వచ్చాయి. 1985లో అక్కడి 17 ఆసుపత్రుల నర్సుల లెక్కలు వచ్చాయి. గర్భం మొదటి మూడు నెలల్లో ఈ మందులతో పనిచేసినవాళ్లకి గర్భస్రావం ముప్పు రెండింతలకి పైగా కనిపించింది. ఇక ఆ దశకంలోనే అమెరికాలో మార్గదర్శకాలు వచ్చాయి, గాలి పైనుంచి కిందికి పోయే క్యాబినెట్లు వచ్చాయి, సమస్య తీరిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తీరలేదు. 1990లలో నెదర్లాండ్స్‌లోనూ ఇతర చోట్లా మందు కలిపే చోట్లని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని ల్యాబ్‌కి పంపడం మొదలెట్టాక అసలు బొమ్మ కనిపించింది. అమెరికా, కెనడాల్లోని ఆరు క్యాన్సర్ కేంద్రాల్లో తీసిన నమూనాల ఫలితాలు 1999లో వచ్చాయి, క్యాబినెట్లు వాడుతున్నా సగానికి పైగా నమూనాల్లో మందు దొరికింది. బల్లలు, నేల ఒక ఎత్తు, ఫ్యాక్టరీనుంచి మూత తీయకుండా వచ్చిన సీసాల పైన కూడా మందు ఉందని మరికొన్ని పరిశోధనల్లో తేలింది! అంటే డబ్బా విప్పి అరలో సర్దేవాడి చేతికే ముందు అంటుతోంది. స్పిరిట్‌తో తుడిస్తే పోతుందా అంటే, చాలా మందుల్ని స్పిరిట్ పాడుచేయదు, ఇంకాస్త దూరం పులుముతుంది.

2004లో అమెరికాలో పనిచోటి భద్రతని పరిశోధించే సంస్థ నయోష్ హెచ్చరిక, దానితో ప్రమాదకర మందుల జాబితా వచ్చాయి. అమెరికాలో మందుల ప్రమాణాలు రాసే యూఎస్‌పీ, ప్రమాదకర మందుల్ని ఎలా ముట్టుకోవాలో చెప్పే 800వ అధ్యాయం 2016లో అచ్చయి, 2019 డిసెంబరులో అధికారికమైనా, దానికి ముడిపడిన అధ్యాయాల మీద అప్పీళ్ల వల్ల 2023 నవంబరు దాకా చాలాచోట్ల సలహాగానే మిగిలింది. యూరప్ 2022లో ఈ మందుల్ని తన క్యాన్సర్ కారకాల చట్టంలోకి లాగింది. ఇన్ని జరిగినా అమెరికాలో ఈ మందులకి ఇంత మోతాదు తగిలినా ఫర్వాలేదు అని చట్టం పెట్టిన పరిమితి లేదు. సైక్లోఫాస్ఫమైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులో పెట్టింది మరి. రోగికి ఆ రిస్కు ఎందుకు ఒప్పుకోవాలో అర్థముంది, సీసా సర్దేవాడికి ఏముంది?

ఇంకోటి, ఈ చరిత్రంతా నర్సులు, ఫార్మసిస్టుల చుట్టూనే తిరిగింది. మందు ఎక్కించాక కనీసం 48 గంటలు రోగి మూత్రంలో, వాంతిలో అది బయటికొస్తూనే ఉంటుంది. ఆ బెడ్‌పాన్ తీసేది, దుప్పట్లు మూటకట్టేది, బాత్రూం నేల కడిగేది వేరే మనుషులు. ఒకే జత గ్లౌజులతో.