డాలెక్ ఎవరి సొత్తు?

2004 జులైలో బ్రిటన్ పత్రికల్లో ఒక వార్త వచ్చింది. 1989లో ఆగిపోయిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ను బీబీసీ మళ్లీ తీస్తోంది, కానీ అందులో హీరోకు బద్ధ శత్రువులైన, యంత్రాల్లాంటి జీవులు డాలెక్‌లు ఉండవు. వాటిని సృష్టించిన రచయిత టెర్రీ నేషన్ వారసుల తరఫువాళ్లతో చర్చలు బెడిసికొట్టాయి. అభిమానులు గగ్గోలు పెట్టారు. డాలెక్ లేని డాక్టర్ హూ అంటే కీచకుడు లేని విరాటపర్వమే మరి.

బీబీసీ డిజైనర్ రూపం ఇచ్చి, బీబీసీ స్టూడియోలో తీసి, బీబీసీలోనే వేసిన పాత్ర. దాన్ని వాడుకోవడానికి బీబీసీ ఇంకొకరి గుమ్మం ఎందుకు ఎక్కాలి? ఇది తెలియాలంటే 1963కి వెళ్లాలి.

నేషన్ 1930లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో పుట్టారు. ఆయన చిన్నతనం యుద్ధంలో, బాంబు దాడుల మధ్య గడిచింది. స్టేజీ మీద జోకులు చెప్పి పైకి రావాలని లండన్ వెళ్లారు. జోకులు బాగున్నాయి కానీ చెప్పడం రాలేదు. దాంతో వేరేవాళ్లకు రాయడం మొదలుపెట్టారు. 1963లో ఆయన పేరున్న హాస్యనటుడు టోనీ హాంకాక్‌కు రాస్తున్నారు. ‘డాక్టర్ హూ’ అనే పిల్లల సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కు రాస్తారా అని బీబీసీ నుంచి అడిగితే మొదట వద్దన్నారు. ఈలోగా నాటింగ్‌హామ్‌లో హాంకాక్‌తో గొడవైంది, చేతిలో పని పోయింది. వద్దన్న పనే ఒప్పుకున్నారు. ఇంకో పని కూడా ఎదురుచూస్తుండటంతో ఏడు ఎపిసోడ్‌లనూ రోజుకొకటి చొప్పున రాసేశానని తర్వాత చెప్పుకున్నారు.

అసలు మలుపు ఒప్పందం కాగితం దగ్గర జరిగింది. ఆయన ఏజెంట్ బెరిల్ వర్ట్యూ. రచయితల ఆఫీసులో టైపిస్టుగా చేరి ఏజెంట్‌గా ఎదిగిన మనిషి. బొమ్మలు, ఇతర సరుకుల అమ్మకాల గురించి ఉన్న షరతు దగ్గర ఆమె ఆగి, రచయితకు వాటా మిగిలేలా చూశారు. అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. టీవీ పాత్ర బొమ్మలు దుకాణాల్లో కోట్లకు అమ్ముడవుతాయని ఎవరు ఊహిస్తారు?

స్క్రిప్టులో నేషన్ రాసింది కొద్ది వాక్యాలే. కాళ్లుండవు, గుండ్రటి అడుగు మీద కదులుతాయి, మనిషి పోలికలే ఉండవు, వంగే కడ్డీ చివర లెన్సు కన్ను. పొడవాటి గౌన్లలో, పాదాలు కనిపించకుండా జారిపోతున్నట్టు నాట్యం చేసే జార్జియా దేశపు నర్తకులు ఆయన మనసులో ఉన్నారు. లోపల మనిషి ఉన్నాడన్న సంగతి ప్రేక్షకుడు మరిచిపోవాలి. అదీ ఆయన పట్టుదల.

ఆ వాక్యాలను వస్తువుగా మార్చింది రేమండ్ క్యూసిక్. ఆయన బీబీసీలో నెల జీతగాడు. మొదట కుర్చీలో కూర్చున్న మనిషిని గీసి, ఆ మనిషి చుట్టూ డాలెక్‌ను గీశారు. అది ఎలా కదలాలో చూపించడానికి భోజనాల బల్ల మీదున్న మిరియాల డబ్బాను పట్టుకుని జరిపారు. డబ్బు తక్కువ కాబట్టి ఒక చేయిగా సింకు మూసుకుపోతే కొట్టే రబ్బరు ప్లంజర్‌ను బిగించారు. 1963 డిసెంబరు 21న వచ్చిన డాలెక్ కథ మొదటి ఎపిసోడ్ చివర్లో కనిపించేది ఆ ఒక్క చేయే. బార్బరా అనే టీచర్ గోడకు ఆనుకుని కేక పెడుతుంది, ఎపిసోడ్ అయిపోతుంది. దాన్ని చూసినవాళ్లు దాదాపు 70 లక్షలు. ఆ కథ ముగిసేసరికి అది కోటి దాటింది.

1964, 65 క్రిస్మస్‌లకు ఎక్కడ చూసినా డాలెక్ బొమ్మలే. రెండు సినిమాలు కూడా వచ్చాయి. నేషన్ ధనవంతుడయ్యారు. క్యూసిక్‌కు బీబీసీ ఇచ్చింది వంద పౌండ్ల బహుమతి, పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ వారి బంగారు బ్యాడ్జీ. జీతం మీద చేసిన పని కాబట్టి చట్టం బీబీసీ వైపే ఉంది. అయినా నా మటుకు ఇది అన్యాయమే. ఒకరి మాట, ఇంకొకరి గీత కలిస్తేనే డాలెక్ పుట్టింది. క్యూసిక్‌కు జరిగిందానికి నేషన్‌ను తప్పుపట్టడం కూడా సరికాదు. తన హక్కును తాను నిలబెట్టుకున్నారు, అంతే.

ఆ హక్కు విలువ ఆయనకు బాగా తెలుసు. డాలెక్‌లతో అమెరికాలో విడిగా సీరియల్ తీయాలని 1960ల్లోనే ప్రయత్నించారు, కుదరలేదు. 1975లో మహమ్మారి తర్వాత మిగిలిన కొద్దిమంది కథ ‘సర్వైవర్స్’ మొదలైంది. ఆ ఆలోచన తనదని తోటి రచయిత బ్రయన్ క్లెమెన్స్ కోర్టుకెక్కారు, చివరికి కేసు తేలకుండానే ముగిసింది. నేషన్ కూడా మొదటి సీజన్‌తోనే ఆ సీరియల్‌ను వదిలేశారు. 1978లో ‘బ్లేక్స్ 7’ వచ్చింది, మొదటి సీజన్ 13 ఎపిసోడ్‌లూ ఆయనే రాశారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌కు మారి, 1997లో అక్కడే కన్నుమూశారు. డాలెక్ హక్కు మాత్రం కుటుంబం చేతిలో ఉండిపోయింది.

2004లో బీబీసీకి ఎదురైంది ఆ పాత కాగితమే. చర్చలు ఆగిన రోజుల్లో డాలెక్ ఎపిసోడ్ రాస్తున్న రాబర్ట్ షియర్‌మన్ డాలెక్ స్థానంలో వేరే జీవిని పెట్టి మరో స్క్రిప్టు రాసుకోవాల్సి వచ్చింది. ఎంత టెన్షన్ పడ్డారో! ఆగస్టులో ఒప్పందం కుదిరింది.

2005 ఏప్రిల్ 30న ఆ ఎపిసోడ్ వచ్చింది. అందులో ఒకే ఒక డాలెక్, అదీ నేలమాళిగలో గొలుసులతో కట్టేసి ఉంటుంది. దాన్ని హింసించే మనిషి ఆ చేతిని చూసి ఎగతాళి చేస్తాడు. కాసేపటికి ఆ చేయే అతని ముఖం మీద బిగుసుకుని ఊపిరి తీసేస్తుంది. క్యూసిక్ డబ్బుల్లేక బిగించిన ప్లంజర్. చివర పేర్లలో డాలెక్‌ల సృష్టికర్తగా కనిపించింది టెర్రీ నేషన్.