ఆ అరుపుల పాటలో ఏముందని అడిగారు

గుణుపూర్

చిరంజీవులైన బుజ్జికి, చంటికి తాతయ్య దీవెనలు.

చిన్నాన్న గదిలో మోగుతున్న పాట విని చంటి చెవులు మూసుకున్నాడని, బుజ్జి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, "ఈయన ఎందుకింత కోపంగా అరుస్తున్నాడు, ఇలా అరిస్తే గొంతు పోదా, చిన్నాన్నకు ఇందులో ఏం నచ్చింది?" అని అడిగిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చిన్నాన్న నవ్వి ఊరుకున్నాడట. నవ్వి ఊరుకోవలసిన ప్రశ్నలు కావవి. ఆ ఆల్బమ్‌ను వాడు బరంపురంలో చదువుకునే రోజుల్లోనే నాకు వినిపించాడు. అప్పటి నుంచి అది నాకూ ప్రియమైనదే కనుక, జవాబు నేనే రాస్తున్నాను.

దాని పేరు 'ఫోకస్'. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, మయామీ నగరంలో పుట్టిన 'సినిక్' అనే బృందం 1993లో దానిని విడుదల చేసింది. అందులో ఉన్నవి ఎనిమిదే పాటలు, అన్నీ కలిపి సుమారు 36 నిమిషాలు. గర్జించే గొంతుతో, కరకైన గిటార్లతో సాగే ఆ రకం సంగీతాన్ని డెత్ మెటల్ అంటారు. ఆ రోజుల్లో ఫ్లోరిడా దానికి పుట్టిల్లు వంటిది. టాంపా నగరంలోని మోరిసౌండ్ స్టూడియోలో అటువంటి ఆల్బమ్‌లు ఒకదాని తరువాత ఒకటి తయారయ్యేవి, ఇదీ అక్కడే తయారయింది. అయితే ఈ కుర్రవాళ్లు డెత్ మెటల్‌తో ఆగకుండా, జాజ్ సంగీతంలోని మెత్తని స్వరాలను, ఎవరూ ఊహించని తాళాలను, యంత్రం గుండా వచ్చే గొంతును అందులోకి తెచ్చారు. అందుకే దీనిని ప్రోగ్రెసివ్ అని, ప్రయోగాత్మకమని చెబుతారు. ఆ పేర్లు మీకు గుర్తుండకపోయినా నష్టం లేదు.

ముందు గొంతు సంగతి చెబుతాను. మనం మాట్లాడేటప్పుడు గొంతులోని స్వరతంతువులు అదురుతాయి. వాటికి కాస్త పైన మరో జత మడతలు ఉన్నాయి, మామూలు మాటలో వాటికి పెద్దగా పని లేదు. గ్రౌల్ చేసేవారు, అంటే ఇలా గర్జిస్తూ పాడేవారు, ఆ మడతలను కూడా అదిరేలా చేసి, ఊపిరిని పొట్టలోంచి అదుపుగా వదులుతారు. నేర్చుకుని చేసేవారు ఏళ్ల తరబడి చేయగలరు, తెలియక గొంతు చించుకునేవారికి మాత్రం హాని తప్పదు. బుజ్జి భయం ఉత్తిది కాదని చెప్పడానికి ఈ ఆల్బమ్ చరిత్రే సాక్ష్యం. బృందంలో గిటారు వాయిస్తూ పాడే పాల్ మాస్విడాల్‌కు, ఇలాగే కొనసాగితే గొంతు పోయే ప్రమాదం ఏర్పడింది. అందువల్ల ఆ గర్జించే భాగాలను టోనీ టీగార్డెన్ అనే మరొకరికి అప్పగించి, తాను వోకోడర్ అనే యంత్రం గుండా మెల్లగా పాడాడు. ఆ యంత్రాన్ని 1930లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో హోమర్ డడ్లీ అనే ఇంజనీరు రూపొందించాడు. మాటను తీగల మీదుగా క్లుప్తంగా పంపడానికి, దానిలోని ధ్వనులను పాయలు పాయలుగా విడదీసి అవతలి వైపు మళ్లీ కూర్చే సాధనమది. టెలిఫోను కోసం పుట్టిన ఆ యంత్రంలోంచి వచ్చిన గొంతు మనిషిదో, దేవతదో, గాలిదో తెలియనట్టుగా ఉంటుంది. కనుక మీరు విన్న పాటలో ఒక గొంతు కాదు, రెండు గొంతులు ఉన్నాయి. చంటి గర్జన వినగానే చెవులు మూసుకున్నాడు కాబట్టి రెండోది వాడికి వినబడలేదు.

రెండోది వినబడాలంటే ఏం చేయాలో మన సంతను తలచుకుంటే తెలుస్తుంది. సంత రోజున ఊరి బయట చింతల దగ్గర నిలబడి వింటే మీకు వినబడేది ఒకటే హోరు. అందులో మాట లేదు, మనిషి లేడు, అర్థం లేదు. కొత్తవాడు ఆ హోరు విని, అక్కడేదో కొట్లాట జరుగుతోందనుకుని వెనక్కి తిరిగి పోవచ్చు. నాలుగడుగులు లోపలికి వేయండి. కొండ దిగివచ్చిన సవర ఆడవాళ్లు పసుపు కొమ్ములు, అడ్డాకులు, కొండ చీపుర్లు ముందు పెట్టుకుని తమ భాషలో తాము మాట్లాడుకుంటూ ఉంటారు. కొనేవాడు ఒడియాలో ధర అడిగితే, పక్కవాడు తెలుగులో ఆ ధర మీద అర్ధరూపాయి తగ్గిస్తాడు. కమ్మరి కొడవళ్లు సాగగొడుతుంటాడు. పశువుల వైపు నుంచి దళారి కేక అందరి గొంతులనూ తొక్కుకుంటూ వస్తుంది. హోరు అంటే ఇవన్నీ కలిసినదే. దేనికది తెలిసిన తరువాత హోరు తగ్గదు కానీ, అది మనల్ని భయపెట్టదు.

ఈ ఆల్బమ్ కూడా సరిగ్గా అంతే. దళారి కేక టీగార్డెన్ గర్జన. ఆ కేకలో కోపం లేదని, అంత సందడిలో తన బేరం వినబడడానికి అతను ఎంచుకున్న గొంతు అదని సంతకు వెళ్లేవారందరికీ తెలుసు. మైకు పట్టుకుని తైలం సీసాలు అమ్మేవాడు ఉంటాడు చూడండి, అతని మాట యంత్రం గుండా వచ్చి అందరి తలల మీదుగా తేలిపోతుంది. అది మాస్విడాల్ వోకోడర్. కమ్మరి సుత్తి షాన్ రైనర్ట్ డ్రమ్స్. రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతూ ఉరుములు కురిపించినవాడే, మరుక్షణంలో కంచు పళ్లెం అంచును చినుకు పడినంత తేలికగా తాకుతాడు. మాస్విడాల్, జేసన్ గోబెల్ వాయించే రెండు గిటార్లు ఎదురెదురుగా కూర్చుని బేరమాడే ఇద్దరు. ఒకరి మాట పూర్తి కాకముందే మరొకరు అందుకుంటారు. ఇక సంతలో గొంతు పెంచని షావుకారు ఒకడుంటాడు, అన్ని ధరలూ చివరికి అతని దగ్గరే తేలుతాయి. ఆ షావుకారు షాన్ మలోన్ వాయించిన బేస్ గిటారు. దానికి మెట్లు లేవు. మెట్లు లేవు కనుక వయోలిన్ మీద జారినట్టే వేలు స్వరం నుంచి స్వరానికి జారుతుంది. గమకం విని పెరిగిన చెవులు కనుక, మన ఇంట్లో ఎవరికైనా ఆ జారుడు ఇట్టే పట్టుబడుతుంది. సందు చివర పిల్లనగ్రోవులు అమ్మేవాడు అప్పుడప్పుడు ఒక రాగం తీసి ఆపేస్తాడే, అటువంటి చోట్లు కూడా ఈ పాటల్లో చాలా ఉన్నాయి. ఉన్నట్టుండి హోరంతా ఆగి ఒక్క గిటారే, మంచినీళ్లంత తేటగా, మిగులుతుంది.

నా చిన్నతనంలో మా నాన్నగారు చోళ్లు కొనడానికి సంతకు వెళుతూ నన్ను వెంట తీసుకువెళ్లేవారు. ఒకసారి గాజుల దుకాణం దగ్గర ఆయన వేలు వదిలేశాను. తల ఎత్తి చూస్తే అన్నీ పంచెలే, ఏ పంచె నాన్నగారిదో తెలియదు. ఏడవబోతూ ఆగి, ఎందుకో తెలియదు, కళ్లు మూసుకుని విన్నాను. నాన్నగారు ఎప్పుడూ కొనే కొలతగాడు కుంచం నింపి పోస్తూ పాటలాగా లెక్కపెట్టేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. తరువాత "రెండు... మూడు..." అంటూ సాగి, ఏడు దగ్గరకు వచ్చేసరికి "ఆరున్నొక్కటీ..." అని దీర్ఘం తీసేవాడు. ఆ దీర్ఘం నా చెవిన పడింది. దానినే పట్టుకుని, జనం కాళ్ల మధ్య నుంచి, అది ఆగినప్పుడు ఆగుతూ, వినబడినప్పుడు కదులుతూ వెళ్లాను. చోళ్ల రాశి పక్కన నాన్నగారు సంచి మూతి పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను తప్పిపోయిన సంగతే ఆయనకు తెలియదు.

అక్కడే నిలబడి మరొకటి కూడా విన్నాను. పక్క రాశి దగ్గర మరో కొలతగాడు ఇంకా వేగంగా లెక్కపెడుతున్నాడు. ఇతని లెక్క, అతని లెక్క విడివిడిగా పరుగెత్తి, ఎక్కడో ఒకచోట ఇద్దరి మాటా ఒక్కసారే పడేది. మళ్లీ విడిపోయేవి. ఆ కలిసే క్షణం కోసం నేను ఎంతసేపైనా నిలబడగలిగేవాడిని. 'ఫోకస్'లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. డ్రమ్స్ ఒక లెక్కన, గిటారు ఇంకో లెక్కన వెళుతుంటాయి. నాలుగు నాలుగుగా చప్పట్లు కొట్టబోతే చేయి తప్పిపోతుంది. కొలతగాడు ఆరున్నొక్కటి దగ్గర సాగదీసినట్టే పాట కూడా ఒకచోట సాగుతుంది. తప్పిపోయామనుకునే లోపల అన్నీ ఒక్క దెబ్బ మీద కలుస్తాయి. ఆ కలయికకు ఒళ్లు ఝల్లుమంటుంది. ఎందుకు ఝల్లుమంటుందో నేను చెప్పలేను, చెప్పగలిగితే అది అంత గొప్పగా ఉండదేమో.

ఈ కుర్రవాళ్ల వయసు కూడా మీరు తెలుసుకోవాలి. మాస్విడాల్, రైనర్ట్ ఇద్దరూ 1971లో పుట్టారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో చక్ షుల్డినర్ నడిపిన 'డెత్' బృందంతో కలిసి 'హ్యూమన్' ఆల్బమ్‌లో వాయించి పేరు తెచ్చుకున్నారు. అక్కడి నుంచి తిరిగి వచ్చి తమ ఆల్బమ్ మొదలుపెట్టబోతుండగా, 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడా మీద విరుచుకుపడింది. గోబెల్ ఇల్లు, వారు సాధన చేసుకునే చోటు ధ్వంసమయ్యాయి. రికార్డింగు దాదాపు ఏడాది వెనక్కి పోయింది. తుపాను అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన వంశధార ఎలా పొంగిందో, గజపతి జిల్లాలో కొండచరియలు ఇళ్ల మీద ఎలా విరిగిపడ్డాయో మీ అమ్మను అడగండి. ఇల్లు పోయిన తరువాత మనిషి ముందు బియ్యం సంగతి చూసుకుంటాడు, పాట సంగతి తరువాత. అయినా వీరు పాటను వదిలిపెట్టలేదు. ఆగిపోయిన ఆ నెలల్లో తమ పాటలను మళ్లీ మళ్లీ చెక్కారు. 'యూరోబోరిక్ ఫార్మ్స్' అనే పాట, ఆల్బమ్‌కు ముందు నమూనాగా చేసుకున్న వారి పాత రికార్డింగు (డెమో) నాటిది, ఆల్బమ్‌లో బాగా కరకుగా ఉండేది అదే. దానిని మిగతా పాటల పక్కన పెట్టి వింటే కొద్ది కాలంలో వారు ఎంత దూరం నడిచారో తెలుస్తుంది.

ఆ నడకకు వెంటనే మెప్పు రాలేదు. కరకుదనం కోసం వచ్చినవారికి ఇందులోని మెత్తదనం రుచించలేదు, మెత్తదనం కోరేవారు గర్జన వినగానే వెళ్లిపోయారు. 1994లో బృందమే విడిపోయింది. అయితే విన్న కొద్దిమందిలో తామూ వాయించాలనుకున్న కుర్రవాళ్లు ఉన్నారు. ఆల్బమ్ వారి చేతుల మీదుగా బతికింది. సుమారు పదిహేనేళ్ల తరువాత, 2008లో, బృందం మళ్లీ కలిసి రెండో ఆల్బమ్ తెచ్చేనాటికి, మొదటిది ఈ రకం సంగీతంలో ఒక మైలురాయిగా నిలిచి ఉంది. రైనర్ట్, మలోన్ ఇద్దరూ 2020లో, ఒకే సంవత్సరంలో కన్నుమూశారు. ఆ వార్త తెలిసిన రోజుల్లో చిన్నాన్న ఆ ఆల్బమ్‌నే మళ్లీ మళ్లీ పెట్టుకునేవాడు.

పిల్లలూ, నాకు ఒక బాధ ఉంది. ఇప్పుడు వేలితో ఒక్క తోపు తోస్తే పాట మారిపోతుంది. నచ్చకపోవడం తప్పు కాదు, నాకు నచ్చని పాటలూ చాలా ఉన్నాయి. కానీ వినకుండానే నచ్చలేదని చెప్పే అలవాటు పడితే, మనుషుల విషయంలో కూడా అదే చేస్తాం. గొంతు మోటుగా ఉన్నవాడి మాటను చివరిదాకా వినం. ఈ ఆల్బమ్ మొదటి పాట పేరు 'వీల్ ఆఫ్ మాయ'. మాయ తెర గురించి మన ఇళ్లలో పెద్దలు అరుగుల మీద మాట్లాడుకునే మాటనే, సముద్రాల అవతల ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఒక గర్జనకూ ఒక యంత్రపు గొంతుకూ పంచి ఇచ్చాడు. ఆ రెండు గొంతులూ ఒకదానినొకటి గెలవాలని చూడవు. అంత కరకుదనం, అంత మెత్తదనం ఒకే పాటలో పక్కపక్కన కూర్చోగలవని విన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని చెబుతాను. చిన్నాన్నను అడిగి, ముందు ఏడో పాట 'టెక్స్చర్స్' పెట్టించుకోండి. అందులో పాడే గొంతే లేదు కాబట్టి చంటి భయపడనక్కరలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు కానీ శబ్దం తక్కువగా ఉంచండి, ఈ విషయంలో చిన్నాన్న మాట వినవద్దు, నా మాట వినండి. మొదటిసారి బేస్ గిటారును ఒక్కదానినే పట్టుకుని దాని వెంట వెళ్లండి, మిగతావి ఏం చేస్తున్నా పట్టించుకోవద్దు. రెండోసారి డ్రమ్స్‌లో కంచు పళ్లాలను మాత్రమే వినండి. ఆ తరువాత మొదటి పాటకు వచ్చి, గర్జన మొదలైనప్పుడు చెవులు మూసుకోకుండా, దాని పక్కన ఎవరున్నారో వెతకండి. యంత్రపు గొంతు ఎక్కడ మొదటిసారి వచ్చిందో ఎవరికి ముందు వినబడిందో నాకు రాయండి. బుజ్జి చేత్తో తాళం వేసి చూసి, లెక్క ఎక్కడ తప్పిందో కూడా రాయాలి.

ఇట్లు,
మీ తాతయ్య