సోడియం గీత పక్కన ఇంకో పసుపు గీత

డిగ్రీలో ఫిజిక్స్ చదివిన ఎవరినైనా అడగండి, 5893 అంటే ఏమిటో టక్కున చెప్తారు. సోడియం లాంప్ వెలుగు తరంగదైర్ఘ్యం అది, ఆంగ్‌స్ట్రామ్‌లలో. సెంటీమీటరులో పది కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. ఆప్టిక్స్ ల్యాబ్‌లో న్యూటన్ వలయాల ప్రయోగం దగ్గరా, గ్రేటింగ్ (దగ్గరదగ్గరగా సన్నటి గీతలు గీసి ఉండి, కాంతిని రంగులుగా విడదీసే పలక) దగ్గరా ఈ అంకే ఎదురవుతుంది. జవాబు ముందే తెలుసు కాబట్టి దాన్నుంచి వెనక్కి లెక్క వేసి రీడింగులు నింపేయడం చాలా కాలేజీల్లో మామూలైపోయింది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఎందుకంటే గ్రేటింగ్ ప్రయోగంలో చూడాల్సిందంతా ఆ అంకెకు కొద్దిగా అటూ ఇటూ ఉంది.

సోడియం లాంప్ వేయగానే పసుపుగా వెలగదు. మొదట ఎర్రగా ఉంటుంది, అది లోపలున్న నియాన్ వెలుగు. గొట్టం వేడెక్కి సోడియం ఆవిరయ్యాక పసుపు వస్తుంది. ఈలోగా స్పెక్ట్రోమీటర్, అంటే కాంతి ఎంత కోణంలో వంగిందో కొలిచే పరికరం, సర్దుకోవాలి. క్రాస్‌వైర్లు స్పష్టంగా కనపడేలా ఐపీస్ జరిపి, టెలిస్కోప్‌ను కిటికీలోంచి దూరంగా కనిపించే చెట్టుకో టవర్‌కో ఫోకస్ చేసి, ఆపైన కాలిమేటర్ (స్లిట్ అనే సన్నటి చీలికలోంచి వచ్చే వెలుగును సమాంతర కిరణాలుగా మార్చే గొట్టం) సంగతి చూసుకోవాలి. గ్రేటింగ్ కాంతికి లంబంగా నిలవాలంటే టెలిస్కోప్‌ను 90 డిగ్రీలు తిప్పి బిగించాలి. గ్రేటింగ్ మీద పడి వెనక్కి వచ్చిన స్లిట్ బొమ్మ క్రాస్‌వైర్ మీదికి చేరేదాకా టేబుల్ తిప్పి, అక్కడి నుంచి ఇంకో 45 డిగ్రీలు తిప్పాలి. విసుగు పుట్టించే పనే. కానీ ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత తీసే ప్రతి రీడింగూ తప్పుతుంది.

వెలుగు చాలడం లేదని చాలామంది స్లిట్ బాగా తెరుస్తారు. అప్పుడు లావాటి పసుపు గీత ఒకటి హాయిగా కనపడుతుంది. స్లిట్‌ను మెల్లగా మూస్తూ పోతే గీత సన్నబడుతుంది, మసకబారుతుంది, ఒక దశలో రెండుగా విడిపోతుంది. ఒకటి 5890, రెండోది 5896. మనం బట్టీ పట్టిన 5893 ఆ రెండింటి సగటు. అసలు ఆ చోట సోడియం గీతే లేదు!

ఇక లెక్క చూద్దాం. అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగ్ ల్యాబుల్లో మామూలుగా వాడేదే. గ్రేటింగ్ ఒకే వెలుగును నేరు దారికి రెండు పక్కలా వరుసగా కొన్ని కోణాల దగ్గర చూపిస్తుంది; మొదటిది మొదటి ఆర్డర్, దాని తర్వాతది రెండో ఆర్డర్. దానితో మొదటి ఆర్డర్‌లో సోడియం వెలుగు దాదాపు 20.4 డిగ్రీల దగ్గర కనపడుతుంది. అక్కడ రెండు గీతల మధ్య ఎడం 1.3 నిమిషాలు. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు. స్పెక్ట్రోమీటర్ మీది వెర్నియర్ స్కేలు చదవగలిగేది చాలా చోట్ల ఒక్క నిమిషం వరకే. అంటే పరికరం ఓపిక ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడే ఉంది ఈ జంట. రెండో ఆర్డర్‌కు వెళ్తే ఎడం 3.4 నిమిషాలవుతుంది, కొలవడం తేలిక. మొదటి ఆర్డర్‌లో కోణం ఒక్క నిమిషం తప్పితే తరంగదైర్ఘ్యంలో సుమారు 4.6 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడా వస్తుంది. ఎడమా కుడీ రెండు వైపులా రీడింగ్ తీసి సగం చేస్తాం కనక ఆ తేడా కూడా సగమవుతుంది. కాబట్టి 5890 తెచ్చినవాడూ 5896 తెచ్చినవాడూ ఇద్దరూ చక్కగా చేసినట్టే. ప్రతిసారీ 5893 వచ్చిన రికార్డునే అనుమానించాలి.

ఇన్ని తంటాలు ఎందుకంటే, ఇలాంటి చిన్న ఎడంలోంచే ఒక మూలకం బయటపడింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మన కోస్తా మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో స్పెక్ట్రోస్కోపులు (వెలుగును రంగు గీతలుగా విడదీసి చూపే పరికరాలు) పెట్టుకుని కూర్చున్నారు. సూర్యబింబం పూర్తిగా మూసుకోగానే అంచున ఎగసిన వాయుజ్వాలలు మెరిసే గీతలుగా కనిపించాయి. వాటిలో ఒకటి పసుపు. సోడియం గీతకు, సూర్యకాంతిలోని నల్ల గీతలకు అక్షరాలతో పేర్లు పెట్టిన ఫ్రాన్‌హోఫర్ కాలం నుంచే డి అని పేరుంది, ఆ రోజు చూసినవాళ్లలో చాలామంది దీన్నీ డి అనే రాశారు. పోగ్సన్ మాత్రం డి దగ్గరో, దానికి చేరువలోనో అన్నట్టు నివేదించాడు. నా దృష్టిలో ఆ తటపటాయింపు చాలా విలువైనది. కంటికి ఎంత తేలిందో అంతే రాశాడు.

గీతలు అంత మెరుస్తున్నాయంటే గ్రహణం లేకపోయినా కనపడాలి అనుకున్నాడు జాన్సెన్. మర్నాడే మామూలు ఎండలో వాటిని చూశాడు. ఇంగ్లండ్‌లో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా సొంతంగా అదే పద్ధతికి చేరుకుని, అక్టోబరు 20న ఆ పసుపు గీతను చూసి, అది సోడియం జంటలో ఏదీ కాదని తేల్చాడు. దాని తరంగదైర్ఘ్యం సుమారు 5876, అంటే 5890 గీతకు 14 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో ఉంది. భూమ్మీద తెలిసిన ఏ పదార్థమూ ఆ గీతను ఇవ్వలేదు. సూర్యుడిలో ఉన్నదనుకుని, గ్రీకులో సూర్యుడనే అర్థమున్న హీలియోస్ నుంచి హీలియం అన్నారు. భూమ్మీద అది రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తకు దొరికింది 1895లో, యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వెలువడిన వాయువులో. మామూలు సూర్యకాంతిని ప్రిజంతో విడదీస్తే కనిపించే నల్ల గీతల్లో హీలియం ఆనవాలు ఉండదు. సూర్యుడి పైపొరకు ఆ గీతను పుట్టించేంత వేడి లేదు. ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు ఉన్న పదార్థం అన్నాళ్లు దాగి ఉన్నది ఇందుకే.

హీలియం డిశ్చార్జ్ ట్యూబులు (కరెంటు పంపితే వెలిగే హీలియం గొట్టాలు) యూనివర్సిటీ ల్యాబుల్లో కొత్తేమీ కాదు. కానీ సోడియం లాంప్‌తో రీడింగ్ తీశాక, గ్రేటింగ్ కదపకుండా అదే స్లిట్ ముందు హీలియం ట్యూబు పెట్టి పోల్చే ప్రయోగం ఆప్టిక్స్ ప్రాక్టికల్స్‌లో అంతగా కనపడదు. దీన్ని సిలబస్‌లో చేర్చాలని నా కోరిక. కొత్త పరికరం ఏదీ కొననక్కర్లేదు. 5890 గీతకూ హీలియం గీతకూ మధ్య మొదటి ఆర్డర్‌లో 3 నిమిషాలు, రెండో ఆర్డర్‌లో 8 నిమిషాలు తేడా వస్తుంది. స్లిట్ సన్నగా ఉంచి, టెలిస్కోప్‌ను బిగించి, చిన్న స్క్రూతో మెల్లగా జరిపితే సెకండియర్ విద్యార్థి ఎవరైనా ఆ తేడాను కొలవగలరు.