గండిపేట గేట్లు ఎత్తితే భయపడాలా?

హైదరాబాద్‌లో రెండు రోజులు గట్టిగా వాన పడిందంటే టీవీల్లో స్క్రోలింగ్ మొదలవుతుంది. ఉస్మాన్ సాగర్ గేట్లు ఎత్తారు, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు అని. మూసీ ఒడ్డున బస్తీల్లో టెన్షన్. వేరే ఊళ్లలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి డ్యామ్‌కేమైనా అయిందా అని అడుగుతారు. భయపడటం సహజమే. అయితే గేటు లేచిందంటే డ్యామ్ తన పని తాను చేస్తున్నట్టే. లేవాల్సిన సమయంలో గేటు లేవకపోయినా, లేచాక కింద నీళ్లు పోవడానికి దారి లేకపోయినా అప్పుడు అసలు ప్రమాదం.

అందరూ గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. మూసీకి ఉపనది అయిన ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చింది. ఈ రెండూ నగరానికి తాగునీళ్ల కోసమే కట్టారని చాలామంది అనుకుంటారు. వాటి పుట్టుకకు కారణం మాత్రం వరద. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచేసింది. పదిహేను వేల మంది చనిపోయారని సాధారణంగా చెప్పే లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ వరద ఎందుకంత భయంకరంగా వచ్చిందో తేల్చడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన తేల్చిన విషయం డ్యామ్‌ల భద్రత గురించి ఆలోచించే ఎవరికైనా ఇవాళ్టికీ పాఠమే. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులున్నాయి. అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. ఆ కుండపోతకు వాటిలో 221 చెరువుల కట్టలు తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అదీ తెగుతుంది. ఆకాశం నుంచి పడిన వానకు తెగిన చెరువుల నీళ్లు తోడై నగరం మీదికి వచ్చాయి. గొలుసుకట్టు చెరువులు మన పూర్వీకుల గొప్పతనం అని చెప్పుకుంటాం, నిజమే. ఆ గొలుసును బాగు చేసుకోకపోతే ఒక లంకె తెగినప్పుడు మిగతావన్నీ వరసగా తెగుతాయన్నది కూడా అంతే నిజం.

విశ్వేశ్వరయ్య ఇచ్చిన పరిష్కారం, నగరానికి పైన వరదను కాసేపు పట్టి ఉంచే రెండు జలాశయాలు. కాసేపు అన్న మాట ముఖ్యం. వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీరు ఇవ్వాలంటే జలాశయం నిండుగా ఉండాలి. ఒకే గోడ రెండు పనులూ చేస్తోంది. వానాకాలం చివర్లో, అంటే సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఈ పేచీ ముదురుతుంది. అప్పటికి జలాశయం దాదాపు నిండి ఉంటుంది, ఎండాకాలానికి నీళ్లు దాచుకోవాలని ఆశ ఉంటుంది, పెద్ద వానలూ ఆ రోజుల్లోనే వస్తాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఉస్మాన్ సాగర్ సామర్థ్యం సుమారు 3.9 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అందులో అర టీఎంసీ మాత్రమే ఖాళీ ఉందనుకుందాం. పై నుంచి 40 వేల క్యూసెక్కుల, అంటే సెకనుకు 40 వేల ఘనపుటడుగుల వరద వస్తే ఆ ఖాళీ నిండటానికి మూడున్నర గంటలు చాలు. అర్ధరాత్రి మొదలైన వరదకు తెల్లవారేసరికి గేట్ల దగ్గర నిర్ణయం తీసుకునే వ్యవధి అయిపోతుంది. అందుకే వికారాబాద్, శంకర్‌పల్లి వైపు ఎంత వాన పడుతోందో ముందే తెలుసుకుని, జలాశయం నిండకముందే కొద్దికొద్దిగా నీళ్లు వదలడం మంచి పద్ధతి. వాన రాకపోతే నీళ్లు వృథా చేశారని తిట్లు తినాల్సి రావచ్చు. ఆ తిట్లకు జడిసి చివరి అడుగు నిండేదాకా ఆగి, అప్పుడు గేట్లన్నీ ఒక్కసారి ఎత్తితే కింద ఉన్నవాళ్లకు ముప్పు.

గోడ సంగతికి వస్తే, దాని మీద నీటి ఒత్తిడిని తేల్చేది లోతు. జలాశయం వెనక్కి ఒక మైలు విస్తరించినా పది మైళ్లు విస్తరించినా తేడా లేదు. పది మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా పది టన్నుల ఒత్తిడి ఉంటుంది. పది మీటర్ల నీళ్లు నిలిస్తే గోడ ఒక్కో మీటరు పొడవు మీద మొత్తం 50 టన్నుల తోపు, అంటే నెట్టే బలం. లోతు రెట్టింపై ఇరవై మీటర్లయితే తోపు 200 టన్నులు, అంటే నాలుగింతలు. చివరి కొన్ని అడుగుల నీళ్ల విషయంలో ఇంజినీర్లు అంత పట్టుదలగా ఉండేది ఇందుకే. రాతి డ్యామ్ తన బరువుతోనే ఆ తోపును తట్టుకుంటుంది. పునాది కిందికి చేరిన నీళ్లు గోడను పైకి ఎత్తడానికి చూస్తాయి కాబట్టి ఆ ఊటను బయటికి తీసే ఏర్పాట్లు పూడిపోకుండా చూసుకోవాలి.

మట్టికట్ట తీరు వేరు. బాగా దిమ్మిస చేసిన మట్టికట్ట వందల ఏళ్లు నిలబడుతుంది. మన కాకతీయుల చెరువులే సాక్ష్యం. దానికి పడని విషయాలు రెండు. ఒకటి, కట్ట మీదుగా నీళ్లు దూకడం. రాతి గోడ మీదుగా కాస్త నీళ్లు పారితే చాలాసార్లు నిలబడుతుంది. మట్టికట్ట మాత్రం అవతలి వాలు కోసుకుపోయి కొద్ది గంటల్లోనే గండి పడుతుంది. రెండోది బుంగ. తుమ్మచెట్ల వేర్లు, ఎండ్రకాయల బొరియలు, తూము చుట్టూ వదులైన మట్టి, వీటి వెంట నీళ్లు దారి చేసుకుంటాయి. కట్ట కింద కాస్త ఊట రావడం మామూలే. ఆ ఊట తేటగా ఉన్నంతకాలం కంగారు లేదు. బురదగా మారిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్న మాట. ఈ తేడా పాతకాలంలో చెరువునూ తూమునూ చూసుకునే ఊరి నీరటికాడికి బాగా తెలుసు. కట్ట మీద రోజూ నడిచే మనిషి చూపుకు సాటి వచ్చే పరికరం ఇంతవరకూ లేదని నా నమ్మకం.

2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగినప్పుడు ఇవన్నీ ఒకేచోట కలిశాయి. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ వరద కూడా వచ్చి పడింది. అన్నమయ్య ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి అంతకు ముందు ఏడాది నుంచే పనిచేయడం లేదు. నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లాయి, కట్ట కొట్టుకుపోయింది. కింది ఊళ్లలో ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ కుటుంబాలను తలుచుకుంటే, ఒక్క గేటు మరమ్మతును వచ్చే ఏడాదికి వాయిదా వేయడమంటే ఏమిటో అర్థమవుతుంది. మరుసటి ఏడాది జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగినదానికన్నా ఎక్కువ వరద వచ్చింది. పద్దెనిమిది గేట్లలో ఒకటి లేవనేలేదు. అయినా డ్యామ్ నిలిచింది, అది మన అదృష్టం. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, నీళ్లు పారుతుండగానే దాని స్థానంలో స్టాప్‌లాగ్‌లు, అంటే నీళ్లకు అడ్డుగా ఒకదాని మీద ఒకటి పేర్చే ఉక్కు పలకలు దించారు. మన తెలుగు ఇంజినీరు కన్నయ్య నాయుడు దగ్గరుండి చేయించిన ఆ పని చూసి గర్వపడ్డాం. అలాంటి సాహసం అవసరం రాకుండా గొలుసులు, తాళ్లు, రబ్బరు సీళ్లు ఎండాకాలంలోనే చూసుకునే సిబ్బందికి కూడా అంత పేరు రావాలి.

మళ్లీ హైదరాబాద్‌కు. ఉస్మాన్ సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్ సాగర్‌కు 17. మంజీర, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక నగరం ఈ జలాశయాల మీద ఆధారపడటం బాగా తగ్గింది. 2010 తర్వాత దాదాపు పదేళ్లు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తే అవసరమే రాలేదు. ఆ పదేళ్లలో మూసీ ఎండిన చోటల్లా షెడ్లు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి. నది ఇక రాదని జనం అనుకున్నారు. వేరే చోట అద్దె కట్టలేని పేదలను తప్పుపట్టలేం. అనుమతులిచ్చినవాళ్లను, చూసీ చూడనట్టు వదిలేసినవాళ్లను అడగాలి. 2020 అక్టోబర్‌లో నది వచ్చింది. 2025 సెప్టెంబర్ చివర్లో మళ్లీ వచ్చి, ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్లు చేరాయి. రెండుసార్లూ గోడలు చెక్కుచెదరలేదు. నీళ్లు వదలాల్సిన దారిలో మనుషులున్నారు, అంతే.

పై వైపు కూడా ఇదే కథ. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల వరకు, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలను సడలించారు. నీటి కాలుష్యం గురించి చర్చ బాగానే జరిగింది. వరద వేగం గురించి తక్కువ. పొలం మీద పడిన వాన కొంత ఇంకి, మిగిలింది నెమ్మదిగా వాగులో చేరుతుంది. సిమెంటు మీద పడింది నేరుగా కాలువ ఎక్కుతుంది. అదే వానకు జలాశయంలోకి వచ్చే వరద ఎత్తు పెరుగుతుంది, చేరే సమయం తగ్గుతుంది. వందేళ్ల కిందటి పరీవాహక ప్రాంతాన్ని చూసి కట్టిన గేట్లకు ఇవాళ్టి వరద లెక్క మళ్లీ వేసి చూడాలి.

దేశంలో ఆరు వేలకు పైగా పెద్ద డ్యామ్‌లున్నాయి. వందేళ్లు దాటినవే రెండు వందలకు పైన. 2021లో వచ్చిన డ్యామ్ భద్రత చట్టం ప్రకారం వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయాలి, ప్రతి పెద్ద డ్యామ్‌కూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. అది ఆఫీసు బీరువాలో ఉంటే చాలదు. ఇన్ని వేల క్యూసెక్కులు వదిలితే నీళ్లు ఏ వీధి దాకా వస్తాయి, ఎన్ని గంటల్లో వస్తాయి, ఎటు వెళ్లాలి అన్నది మూసానగర్‌లో, శంకర్‌నగర్‌లో, చాదర్‌ఘాట్‌లో ప్రతి గల్లీ మొదట్లో తెలుగులో, ఉర్దూలో బోర్డు మీద రాసి పెట్టాలి. వచ్చే జూన్‌లోపే ఆ పని చేయమని మన కార్పొరేటర్‌ను, జలమండలిని అడుగుదాం.