పప్పు తింటే కుట్టు చీము పడుతుందా? పెద్ద పొట్ట ఆపరేషన్ల చుట్టూ అపోహలు

విజయవాడ సూర్యారావుపేటలో అయినా, గుంటూరు కొత్తపేటలో అయినా పేగు, కాలేయం, క్లోమం ఆపరేషన్లయిన వార్డుల్లో ఇదే తంతు. డైటీషియన్ రాసిచ్చిన చీటీ దిండు కిందకి పోతుంది, పేషెంట్ చేతికి కొబ్బరిబోండాం వస్తుంది.

అపోహ: పప్పు, గుడ్డు, మాంసం పెడితే చీము పడుతుంది.

వాస్తవం: చీము పట్టించేది బ్యాక్టీరియా. దానికి దారిచ్చేవి అదుపు తప్పిన షుగరు, సిగరెట్లు, ప్రోటీన్ లేమి. పేగు అతికిన చోట కొత్త కండ కట్టాలంటే ప్రోటీన్ కావాల్సిందే. అది చాలకపోతే పైగాయం విచ్చుకుంటుంది, లోపలి అతుకు లీకయ్యే ప్రమాదం పెరుగుతుంది. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు 72–90 గ్రాములు. నాలుగు ఇడ్లీలు, నాలుగు బ్రెడ్ ముక్కలు, రెండు కొబ్బరిబోండాలు కలిపినా పాతిక దాటడం కష్టం. గుడ్డుకు 6, గ్లాసు పాలకు 6–7, ఉడికిన కోడిమాంసం 100 గ్రాములకు దాదాపు 25 వస్తాయి. మొదటి రోజే ఇవన్నీ పెట్టమని కాదు. ముందు గుక్కగుక్కగా నీళ్లు, తర్వాత జావ, ఆపైన మెత్తటి పప్పన్నం. ఎప్పుడు ఏది అన్నది సర్జన్, డైటీషియన్ కలిసి చెబుతారు. కిడ్నీ జబ్బుంటే లెక్క వేరు.

ఇంటివాళ్లు ప్రేమతోనే, భయంతోనే ఆపుతారు. కానీ పప్పు గిన్నె అటెండెంట్ తినేసి, నర్సుకు "తిన్నారమ్మా" అని చెబితే చార్టులో అదే ఎక్కుతుంది. ఆ చార్టు చూసి టీమ్ మొత్తం తప్పు నిర్ణయం తీసుకుంటుంది: అవసరమైన ప్రోటీన్ పౌడరో, ట్యూబ్ ఫీడో మొదలే కాదు.

ఆరు నెలల్లో 10 శాతం పైగా బరువు తగ్గినవాళ్లకు ఆపరేషన్ 7–14 రోజులు వాయిదా వేసి తిండి ఎక్కించడం మామూలే. డాక్టర్లు జాప్యం చేస్తున్నారని కంగారుపడొద్దు.

"ఇంతమంది డాక్టర్లు వస్తున్నారంటే కేసు చేయి దాటినట్టే"? కాదు, ఎవరి పని వాళ్లది. మత్తు డాక్టరు నొప్పి తగ్గిస్తేనే ఫిజియో నడిపించగలరు. స్టోమా (పేగును పొట్ట మీదకు తెచ్చి పెట్టే ద్వారం) అవసరమైతే, దాన్ని చూసే నర్సు ముందురోజే కూర్చోబెట్టి, నిలబెట్టి గుర్తు పెడతారు, చీర కుచ్చిళ్ల కిందకో లుంగీ ముడి కిందకో మలం పడే సంచి రాకుండా.

నడిస్తే కుట్లు ఊడవు. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. దగ్గేటప్పుడు దిండును పొట్టకు అదుముకోండి. నీళ్ల బిందె మాత్రం ఆరు వారాలు ఎత్తొద్దు.

ఇంటికెళ్లాక జ్వరం, గుండెదడ, ఉబ్బిన పొట్ట, పెరిగే నొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. పథ్యం మార్చి చూద్దామని ఆగొద్దు.