వర్ణమా, వర్గమా: అమెరికా తెల్లవారి మధ్య ఈ తగువు ఎక్కడ మొదలైంది

1640లో వర్జీనియా కోర్టు ముందుకు పారిపోయి పట్టుబడిన ముగ్గురు కూలీలను తెచ్చారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లాండ్ వాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే నల్లవాడు. ఒకే యజమాని దగ్గర చాకిరీ చేస్తూ కలిసే పారిపోయారు. ముగ్గురికీ తలా ముప్పై కొరడా దెబ్బలు పడ్డాయి. అక్కడిదాకా తీర్పు ఒకటే. ఆ తర్వాత తెల్లవాళ్ళిద్దరికీ నాలుగేళ్ళ అదనపు చాకిరీ, జాన్ పంచ్‌కి బతికినన్నాళ్ళూ చాకిరీ.

తెల్లవాళ్ళు తమలో తాము వర్ణవివక్ష గురించి ఎలా మాట్లాడుకోవాలన్న చర్చ అమెరికాలో ఎప్పుడు లేచినా రెండు గొంతులు వినిపిస్తాయి. తెల్లతోలు వల్ల నీకేం దక్కిందో ముందు ఒప్పుకో అంటుంది ఒకటి. అసలు గొడవ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్యది, రంగు మాటెత్తితే పేదలు చీలిపోతారు అంటుంది రెండోది. ఇద్దరూ ఆ తీర్పును సగమే చదువుతున్నారు. ముగ్గురి వీపులూ ఒకేలా చిట్లడం వర్గం. శిక్షాకాలం ఒకేలా లేకపోవడం వర్ణం.

1676లో వర్జీనియాలోనే నథానియల్ బేకన్ అనే తోట యజమాని నడిపిన తిరుగుబాటు జరిగింది. దీన్ని తెల్ల, నల్ల పేదల ఐక్యతకు నమూనాగా చెప్పుకోవడం అలవాటైంది కానీ కాస్త ఆగాలి: స్థానిక ఇండియన్ తెగల మీద దండెత్తడానికి గవర్నరు ఒప్పుకోలేదన్న కోపంతోనే అది మొదలైంది. అయినా చివరిదాకా ఆయుధాలు దించనని మొండికేసిన దళంలో 80 మంది నల్లవాళ్ళు, 20 మంది ఇంగ్లీషువాళ్ళు ఉన్నారు. పొగాకు తోటల యజమానులను ఆ లెక్కే భయపెట్టిందని చాలామంది చరిత్రకారులంటారు.

దాని తర్వాత వచ్చిన 1705 చట్టం చూడండి. గడువు తీరిన ఒప్పంద కూలీకి యజమాని 10 బుషెళ్ళ మొక్కజొన్న, 30 షిల్లింగులు, 20 షిల్లింగులకు తక్కువ కాని మస్కెట్ తుపాకి ఇవ్వాలి. ఆడకూలీకైతే 15 బుషెళ్ళు, 40 షిల్లింగులు, తుపాకి లేదు. తెల్ల క్రైస్తవ కూలీని న్యాయాధికారి ఉత్తర్వు లేకుండా బట్టలూడదీసి కొట్టకూడదు. అదే చట్టం బానిసల దగ్గరున్న గుర్రాలు, పశువులు, పందులను జప్తు చేసి అమ్మి, ఆ సొమ్ము స్థానిక చర్చి పరిధిలోని పేదలకు వాడమంది. తోట యజమాని తన భూమిలో సెంటు కూడా వదులుకోలేదు. పేద తెల్లవాడికి పంచిపెట్టింది బానిస మేపుకున్న పందిని.

1935లో నల్ల మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్ దీనికి పేరు పెట్టాడు: మానసిక కూలి. తెల్ల కార్మికుడి జీతం తక్కువే, కానీ పార్కులో చోటు, మంచి బడి, తన వాళ్ళే పోలీసులుగా ఉండటం, ఇవన్నీ జీతం మీద కొసరు. మానసికం అన్న మాట పట్టుకుని ఇది ఉత్త అహంకారం గురించే అనుకోకూడదు. లెక్క తేల్చగలిగిన డబ్బు కూడా ఉంది. 1944 చట్టం కింద మాజీ సైనికులకు ప్రభుత్వ హామీతో అప్పులిచ్చారు. మిసిసిపీలోని 13 పట్టణాల్లో 1947లో మంజూరైన 3,229 అప్పుల్లో నల్లవాళ్ళకు దక్కినవి రెండు. మరోపక్క, 1902 వర్జీనియా రాజ్యాంగం ఓటుకు ఏడాదికి డాలరున్నర పన్ను పెట్టి, మూడేళ్ళ బకాయి కట్టమంది. నల్లవాళ్ళ కోసం తవ్విన ఆ గోతిలో తెల్ల పేదలూ బాగానే పడ్డారు.

"మీ వాళ్ళతో మీరే మాట్లాడండి" అన్న మాట పౌరహక్కుల ఉద్యమం లోపలినుంచే వచ్చింది. 1966లో స్టోక్లీ కార్మైకేల్ వంటి నాయకులు తెల్ల కార్యకర్తలకు చెప్పింది అదే: వివక్ష ఉన్నది తెల్లవాళ్ళ పేటల్లో, పని అక్కడ చేయండి. షికాగోలోని అప్‌టౌన్‌లో అది కొంతకాలం ఆచరణలో కనిపించింది. అపలాచియా కొండల నుంచి వలసొచ్చిన నిరుపేద తెల్లవాళ్ళ పేట అది. అక్కడి యంగ్ పేట్రియట్స్ కుర్రాళ్ళు బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది జెండాను చొక్కాల మీద కుట్టుకునేవాళ్ళు. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన బాబ్ లీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి జెండాతో కాదు, పోలీసు దెబ్బలతో మాట మొదలుపెట్టాడు. 1969లో పాంథర్లు, పోర్టోరికన్ యంగ్ లార్డ్స్, ఈ కుర్రాళ్ళు రెయిన్‌బో కొయిలిషన్ అనే కూటమిగా కలిశారు. ఆ ఏడాది డిసెంబరు 4న పోలీసు దాడిలో షికాగో పాంథర్ల నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ హతుడయ్యాడు. వయసు 21.

తర్వాతి కాలంలో మాట పేటల నుంచి శిక్షణ గదుల్లోకి మారింది. 1988లో వెల్స్‌లీ కాలేజీకి చెందిన పెగ్గీ మెకింతోష్ తెల్లవారి ప్రివిలేజ్ మీద, అంటే తెల్లతోలు వల్ల అడగకుండానే దక్కే వెసులుబాట్ల మీద, 46 అంశాల జాబితా రాసింది. చర్మం రంగు పట్టీ అని అమ్మేది తన చర్మం రంగుకు దగ్గరగా ఉండటం అందులో ఒకటి. ఇది ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. నచ్చిన చోట ఇల్లు కొనుక్కోగలగడం ఇంకొకటి. ట్రెయిలర్ ఇంట్లో అద్దెకుండేవాడి చేతికి ఈ కాగితమిస్తే అక్కడే ఆగిపోతాడు, మిగతాది చదవడు. వర్గం వల్ల దక్కేదీ వర్ణం వల్ల దక్కేదీ ఒకే వరసలో కలిపేయడమే ఇక్కడి పొరపాటు. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో ఇంకో వింత బయటపడింది: ప్రివిలేజ్ పాఠం చదివిన ఉదారవాదులకు పేద తెల్లవాళ్ళ మీద జాలి తగ్గింది, నల్లవాళ్ళ మీద పెరగనూ లేదు.

వర్గం ఒక్కటే చాలన్నవాళ్ళ దారీ సాఫీగా లేదు. ఉక్కు మిల్లుల్లో యూనియన్ ఒకటే. కానీ నల్ల కార్మికులను కోక్ బట్టీల వంటి కష్టమైన విభాగాల్లో పెట్టేవారు, సీనియారిటీ విభాగం వారీగా లెక్కగట్టేవారు. మంచి విభాగానికి మారితే సీనియారిటీ సున్నా. 1974లో తొమ్మిది కంపెనీలూ యూనియనూ కలిసి సుమారు 3.1 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవలసి వచ్చింది.

కాబట్టి వరస ముఖ్యం. మొదట ఎదుటివాడి అద్దె, ఆస్పత్రి బిల్లు, షిఫ్టు గురించి అడిగి, దానికి ఎవరి కష్టాన్నీ పోటీ పెట్టకుండా వినాలి. తర్వాత అదే కష్టం పక్క పేటలో ఉన్నవాడికి ఇంకేం కలిసి వస్తోందో ఒక్క కచ్చితమైన వస్తువుతో చూపాలి: తాత ఇంటి అప్పు కాగితమో, మిల్లు సీనియారిటీ పట్టికో. ఈ రెండో మెట్టు ఇబ్బందిగా ఉందని వాయిదా వేస్తే నల్లవాళ్ళు ఆ కూటమిలో నిలవరు. మూడోది ఇద్దరూ కలిసి చేసే పని, అద్దెదారుల సంఘం లాంటిది. అది లేకపోతే మొదటి రెండూ ఒప్పుకోలు సభగా మిగులుతాయి.

ఇలాంటి చర్చల్లో తెల్లవాళ్ళు తరచూ విసిరే మాట ఒకటుంది: భారతీయులు పైకి రాలేదా? మన వాళ్ళు దానికి తలూపడం కద్దు. 1965 వలస చట్టం డాక్టర్లనూ ఇంజనీర్లనూ ఏరి రానిచ్చిందన్న సంగతి అక్కడ చెప్పాలి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ వలసదారు పౌరసత్వం కోసం తాను తెల్లవాడినేనని అమెరికా సుప్రీంకోర్టులో వాదించిన తీరు కూడా. పెళ్ళి సంబంధాల విషయంలో అమెరికా తెల్లవాడు నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, అగ్రకుల హిందువు ఇండియాలోని ఆదివాసీని అలాగే చూస్తాడని ఆయన తరఫు వాదన. కోర్టు ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయులకు కూడా తర్వాత అది రద్దవుతూ వచ్చింది.